కార్డు ఉంది కదా, మరి పెట్టెకు డబ్బులెందుకు?

కడప, కర్నూలు జిల్లాల నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్ల ఇళ్లలో వారం ముందు నుంచీ కాటా పక్కనే సూట్‌కేసు ఉంటుంది. చెనిక్కాయల పొడి, ఎర్రకారం, చింతపండు, మామిడికాయ ఊరగాయ, కోడలికి చీరలు, మనవరాలికి పట్టు పావడా. పెట్టెకు 23 కిలోలు దాటకూడదు. దాటుతుందేమోనని దిగులుపడుతుంటే డాలస్ నుంచి కొడుకు ఫోన్‌లో ధైర్యం చెప్తాడు: "ఏం పర్లేదమ్మా, నాకు విమాన కంపెనీ క్రెడిట్ కార్డు ఉంది, దాని మీద ఒక పెట్టె ఉచితం." తీరా శంషాబాద్ కౌంటరు దగ్గర నిలబడ్డాక, ఆ ఉచితం ఈ ప్రయాణానికి వర్తించదని చెప్తారు. "మా వాడు ఆ కార్డుతోనే టికెట్ కొన్నాడు కదా నాయనా, అట్లెట్ల వర్తించదు?" అని ఆ తల్లి అడిగే ప్రశ్న న్యాయమైనదే. దానికి ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్లు కౌంటరు దగ్గర ఉండరు, వెనక వరుస పెరుగుతుంటుంది. ఆ జవాబు ఇంట్లో, టికెట్ కొనక ముందే తెలిసుండాలి.

కార్డు మీద వచ్చే ఉచిత పెట్టె ఒక ఒప్పందం. అందులో ఉన్నది ముగ్గురే: కార్డు ఇచ్చిన బ్యాంకు, ఆ కార్డు మీద పేరున్న విమాన సంస్థ, కార్డు వాడుకునే మనిషి. విమాన సంస్థ తన రివార్డు మైళ్లను బ్యాంకుకు పెద్దమొత్తంలో అమ్ముతుంది, బ్యాంకు వాటిని కార్డుదారులకు పంచుతుంది. ఆ బేరంలో భాగంగానే విమాన సంస్థ తన విమానంలో ఒక పెట్టెకు రుసుము వదులుకుంటుంది. మీరు ఎక్కింది భాగస్వామి సంస్థ విమానమైతే, ఆ సంస్థకు ఈ బేరంలో రూపాయి రాదు. రానప్పుడు పెట్టెను ఉచితంగా మోయాల్సిన పని దానికి లేదు.

ఈ వసతి ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని హద్దులూ తెలుస్తాయి. 2008లో ఇంధనం ధర మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి పెట్టెకే 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. అమెరికాలోని మిగతా పెద్ద సంస్థలు చాలావరకు అదే దారి పట్టాయి. పెట్టెకు డబ్బు కట్టడం జనానికి కంటగింపయ్యాక, "మా కార్డు తీసుకోండి, ఆ డబ్బు కట్టక్కర్లేదు" అనడం మంచి అమ్మకపు మాట అయింది. ఏళ్ల తరబడి రెండు పెట్టెలు ఉచితంగా మోసిన సౌత్‌వెస్ట్ కూడా 2025 మే 28 నుంచి కొత్త టికెట్ల మీద ఆ పద్ధతి మానేసి, తన కార్డున్న వాళ్లకు ఒక పెట్టె మాత్రం ఉచితంగా ఉంచింది. అంటే ఇది అమెరికా లోపలి ప్రయాణాల కోసం పుట్టిన వసతి. డాలస్ నుంచి చికాగోకు పోయేవాడికి నిజంగా ఉపయోగపడుతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు వచ్చే తల్లిదండ్రుల టికెట్‌లో, దాని రకాన్ని బట్టి, ఒకటో రెండో పెట్టెలు మామూలుగా ముందే కలిసి ఉంటాయి. "మొదటి పెట్టె ఉచితం" అనే కార్డు అప్పటికే ఉచితంగా ఉన్న మొదటి పెట్టెనే మళ్లీ ఉచితం చేస్తుంది. దానికి పైన ఇంకొకటి ఇవ్వదు.

షరతులు చదివితే విషయం ఇంకా తేటపడుతుంది. సిటీ బ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి ఇచ్చే ప్లాటినమ్ సెలెక్ట్ కార్డు మీద ఉచిత పెట్టె అమెరికా దేశీయ ప్రయాణాలకే. అదే సంస్థ నంబరు మీద లండన్ దాకా పోయి, అక్కణ్నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో హైదరాబాద్ చేరే టికెట్‌కు దానితో సంబంధమే లేదు. యునైటెడ్ ఎక్స్‌ప్లోరర్ కార్డు మీద కార్డుదారుడికీ, అదే బుకింగ్‌లో వెంట వచ్చే ఒక్కరికీ మొదటి పెట్టె ఉచితం. కానీ టికెట్ ఆ కార్డుతోనే కొనాలి, బుకింగ్‌లో యునైటెడ్ మైలేజ్‌ప్లస్ సభ్యత్వం నంబరు ఉండాలి, విమానం యునైటెడ్ నడిపేదై ఉండాలి. డెల్టా గోల్డ్ కార్డు అదే బుకింగ్‌లో మొత్తం తొమ్మిది మంది దాకా వర్తిస్తుంది. చూడ్డానికి చాలా ఉదారంగా ఉంటుంది గానీ, ఆ తొమ్మిది మందిలో కార్డుదారుడు ఒకడై ఉండాలి.

మన ఇళ్లలో ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. కొడుకు డాలస్‌లో కూర్చుని తన కార్డుతో అమ్మానాన్నలకు టికెట్లు కొంటాడు. తను ప్రయాణం చేయడు. డబ్బు కార్డుదే అయినా, ప్రయాణం చేసే వాళ్లలో కార్డుదారుడు లేడు. అప్పుడు విమానం భాగస్వామిదైనా, సొంతదైనా కార్డు మీద పెట్టె రాదు. కొడుకూ తల్లీ కలిసి ప్రయాణం చేస్తున్నా, ఇద్దరి టికెట్లూ వేరువేరు పీఎన్‌ఆర్‌ల మీద ఉంటే తల్లికి వర్తించదు. కాబట్టి ఎవరు డబ్బు కట్టారు అన్న దాంతోపాటు, కార్డుదారుడు అదే పీఎన్‌ఆర్‌లో ప్రయాణిస్తున్నాడా అనీ చూసుకోవాలి.

ఇక విమానం ఎవరిదో తెలుసుకోవడం ఎలా? టికెట్ మీద విమాన సంఖ్య ముందుండే రెండక్షరాలను చూసి చాలామంది ఆగిపోతారు. ఆ అక్షరాలు టికెట్ అమ్మిన సంస్థవి. విమానం వేరే సంస్థది కావచ్చు. దీన్నే కోడ్‌షేర్ అంటారు. లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్, హైదరాబాద్‌ల మధ్య విమానం మొదలుపెట్టింది. లుఫ్తాన్సా, యునైటెడ్ రెండూ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో సభ్యులే. యునైటెడ్‌లో కొన్న టికెట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు లుఫ్తాన్సా విమానం రావచ్చు. టికెట్‌లో ఆ విమాన సంఖ్య కింద చిన్న అక్షరాలతో "ఆపరేటెడ్ బై" అని ఒక వరుస ఉంటుంది. కార్డు పనికొస్తుందా లేదా అన్నది తేల్చేది ఆ వరుసే. పోయేటప్పుడు ఒక సంస్థ కౌంటరులో, తిరిగొచ్చేటప్పుడు మరో సంస్థ కౌంటరులో పెట్టెలు ఇవ్వాల్సి రావచ్చు. పోయేటప్పుడు కార్డును లెక్కలోకి తీసుకున్నారని వచ్చేటప్పుడూ తీసుకుంటారని అనుకోకండి.

భాగస్వామి విమానంలో పనికొచ్చేది ఒకటుంది. అది కార్డు కాదు, హోదా. స్టార్ అలయన్స్ సభ్య సంస్థలు ఒకరి హోదాను ఒకరు గుర్తించాలని నియమం పెట్టుకున్నాయి. ఏదైనా సభ్య సంస్థలో తరచూ ప్రయాణించి స్టార్ గోల్డ్ హోదా సంపాదించినవాళ్లకు, తూకం లెక్క నడిచే దారుల్లో 20 కిలోలు, పెట్టెల లెక్క నడిచే దారుల్లో ఒక పెట్టె అదనంగా దొరుకుతుంది. 2014 జులై 11న స్టార్ అలయన్స్‌లో చేరిన ఎయిర్ ఇండియాలోనూ ఇది చెల్లుతుంది. యునైటెడ్‌లో ప్రీమియర్ గోల్డ్ అంటే స్టార్ గోల్డ్. దాని కింది మెట్టు ప్రీమియర్ సిల్వర్‌కు భాగస్వాముల విమానాల్లో అదనపు పెట్టె లేదు. హోదా బోర్డింగ్ పాస్ మీద అచ్చవుతుంది, కౌంటరు మనిషి తెర మీద కనపడుతుంది. కార్డు అలా కనపడదు. తేడా అంతా అక్కడే ఉంది. అయితే ఆ హోదా కూడా ఉన్న మనిషికే. కొడుకుది స్టార్ గోల్డ్ అయినా, పక్కన నిలబడ్డ తల్లి పెట్టెకు అది రాదు.

పెద్దవాళ్లు భయపడే ఇంకో సంగతి, అమెరికాలో దిగాక లోపలి విమానానికి మారేటప్పుడు పెట్టెలకు మళ్లీ డబ్బు కట్టాలేమోనని. ఒకే టికెట్ మీద ఉంటే కట్టక్కర్లేదు. అమెరికాకు వెళ్లే, అమెరికా నుంచి బయల్దేరే టికెట్లలో ప్రయాణం మొదట్లో ఏ లగేజీ నియమం వర్తించిందో చివరిదాకా అదే వర్తించాలని అక్కడి రవాణా శాఖ 2012 నుంచి నియమం అమలుచేస్తోంది. అమెరికాలో మొదట దిగిన ఊళ్లో మామూలుగా పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ బెల్టు మీద పెట్టాలి. అక్కడ ఎవరూ రుసుము అడగకూడదు. బయల్దేరేటప్పుడు ఇచ్చిన లగేజీ చీటీలు పారేయకుండా దగ్గరుంచుకుంటే చాలు.

ఈ "ఒకే టికెట్" అన్న మాట మన ప్రాంతానికి ఇంకా ముఖ్యం. కడప విమానాశ్రయం 2015 జూన్‌లో తెరిచారు. ఓర్వకల్లులో కర్నూలు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఊరి దగ్గరే విమానం ఎక్కొచ్చన్న ఆశతో కొందరు కడప నుంచి హైదరాబాద్‌కు వేరే టికెట్ కొంటారు. ఇండిగో దేశీయ టికెట్‌లో పెట్టెకు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు. అమెరికా టికెట్ మీద రెండు పెట్టెలకు 46 కిలోలు ఉన్నా, విడిగా కొన్న ఈ చిన్న ప్రయాణానికి ఆ లెక్క తెలియదు. మిగిలిన 31 కిలోలకు కిలో లెక్కన కట్టాల్సిందే. ఇక్కడ అమెరికా కార్డూ పనికిరాదు, హోదా కూడా పనికిరాదు, ఎందుకంటే ఇండిగో స్టార్ అలయన్స్ సభ్య సంస్థ కాదు. అంతర్జాతీయ సంస్థకూ ఇండిగోకూ కోడ్‌షేర్ ఉండి, కడప నుంచి గమ్యం దాకా ఒకే టికెట్ దొరికితే మామూలుగా పెద్ద లెక్కే వర్తిస్తుంది. అది దొరకని రోజున నా సలహా ఒకటే. కర్నూలు వాళ్లకు శంషాబాద్ 44వ జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లు, కారులో పోండి. పెట్టెలకు కట్టే డబ్బుతో పోలిస్తే కారు కిరాయి గిట్టుబాటవుతుంది.

కువైట్ దారి లెక్క వేరు. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు వైపు నుంచి గల్ఫ్‌కు పోయే అక్కలకూ అన్నలకూ చాలామందికి క్రెడిట్ కార్డే ఉండదు, టికెట్ ఏజెంటు కొనిస్తాడు. ఇక్కడ పెట్టెల లెక్క కన్నా కిలోల లెక్కే ఎక్కువ నడుస్తుంది. ఒకే సంస్థ ఒకే దారిలో టికెట్ ధరను బట్టి వేరువేరు కిలోలు ఇస్తుంది. ఏజెంటు "చవగ్గా ఇప్పించినా" అన్న టికెట్‌లో కిలోలు తక్కువుంటే ఆ చవక కౌంటరు దగ్గరే కరిగిపోతుంది. టికెట్ కాగితం మీద కిలోల అంకె చూపించమని అడగడం మీ హక్కు. అదనంగా కావాలంటే ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే, కౌంటరు ధర కన్నా మామూలుగా తగ్గుతుంది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ పేరులో ఎయిర్ ఇండియా ఉంది గానీ, అది స్టార్ అలయన్స్ సభ్యురాలు కాదు. ఆ విమానంలో స్టార్ గోల్డ్‌ను చూపి అదనపు కిలోలు అడగలేం. ఎమిరేట్స్ వాళ్ల స్కైవార్డ్స్‌లో సిల్వర్ హోదా ఉంటే తూకం లెక్క దారుల్లో 12 కిలోలు అదనం. గల్ఫ్‌కు ఏటా తిరిగేవాళ్లు ఆ సభ్యత్వం నంబరు ప్రతి టికెట్‌లో రాయించుకోవడం మంచిది. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

మూటలు కట్టేటప్పుడు ఒక్క మాట: 2022 నుంచి మన విమానాశ్రయాల్లో ఎండుకొబ్బరి చిప్పలను పెట్టెలో పోనివ్వడం లేదు, నూనె వల్ల అంటుకుంటాయని. వాటి బదులు ఇంకో అరకిలో చెనిక్కాయల పొడి పెట్టుకోండి.

ఇంత చెప్పాక కార్డు తీసుకోవాలా వద్దా అంటే, అమెరికా లోపల ఏడాదికి నాలుగైదుసార్లు పెట్టెతో తిరిగేవాళ్లకు తీసుకోదగ్గదే. కడపకో కర్నూలుకో అమ్మానాన్నల్ని చూడ్డానికి రావడానికి, వాళ్లను అక్కడికి పిలిపించుకోవడానికి మాత్రం ఆ కార్డు కోసం ఏటా రుసుము కట్టడం దండగ. ఆ డబ్బు పెట్టి రెండు పెట్టెలు కలిసున్న టికెట్‌ను, ఊరి నుంచి ఊరికి ఒకే పీఎన్‌ఆర్ మీద కొనండి. కొన్న రోజే "ఆపరేటెడ్ బై" వరుసనూ లగేజీ వరుసనూ ఫోటో తీసి అమ్మ ఫోన్‌కు పంపండి.