గ్యాసుకు ఆ వాసన ఎవరు పెట్టారు?



వంటింట్లోకి అడుగు పెట్టగానే కుళ్లిన ఉల్లిపాయల్లాంటి కంపు గుప్పుమంటే "అయ్యో, గ్యాసు లీకవుతోంది" అంటాం. కాని చూడండి, ఆ కంపు గ్యాసుది కాదు! మన గ్యాసు బండలో ఉండేవి ప్రొపేను, బ్యుటేను అనే వాయువులు. వాటికి చెప్పుకోదగ్గ వాసన లేదు. ఆ వాసన కావాలని కలిపిందే.

ముడి చమురు నుంచి వచ్చే గ్యాసులో గంధకపు పదార్థాలు ఉంటాయి. అవి లోహాన్ని తినేస్తాయి కనుక శుద్ధి కర్మాగారంలో వాటిని తీసివేస్తారు. ఆ తరువాత ఇథైల్ మెర్కాప్టాన్ అనే మరో గంధకపు పదార్థాన్ని కొలతగా, చాలా కొద్దిగా కలుపుతారు. ఆవకాయ ముక్క ఉప్పగా ఉందని కడిగి, మళ్లీ ఉప్పు చల్లినట్టుంది కదూ? కాని దీని వెనుక పెద్ద విషాదమే ఉంది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే చిన్న ఊరుంది. దాని చుట్టూ చమురు బావులు. ఖర్చు కలిసివస్తుందని, బావుల దగ్గర మిగిలిపోయే సహజ వాయువును గొట్టం ద్వారా తెచ్చి ఆ ఊరి బడిలో గదులు వెచ్చబెట్టేవారు. ఆ గొట్టం ఎక్కడో కారి, బడి కింద ఉన్న ఖాళీ స్థలంలో గ్యాసు నిండిపోయింది. వాసన లేదు కనుక ఎవరికీ తెలియలేదు. 1937 మార్చి 18 మధ్యాహ్నం, వడ్రంగం నేర్పే గదిలో కరెంటు యంత్రం ఆన్ చేయగానే నిప్పురవ్వ లేచింది. బడి బడంతా కూలిపోయింది. సుమారు 300 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పసిపిల్లలే. గ్యాసులో వాసన కలపాలని టెక్సాస్‌లో ఆ సంవత్సరమే చట్టం వచ్చింది.

అయితే ఏ వాసన కలపాలి? సువాసన పనికిరాదు, మల్లెపూల వాసన వస్తే ఎవరు భయపడతారు? గ్యాసుతోపాటు అది కూడా ఆవిరి కావాలి. మంటలో పూర్తిగా కాలిపోవాలి, లేకపోతే అన్నం, కూరలు కూడా కంపు కొడతాయి. మెర్కాప్టాన్ ఈ పరీక్షలన్నీ నెగ్గింది. వంద కోట్ల పాళ్ల గాలిలో అది ఒకటి రెండు పాళ్లున్నా మామూలు ముక్కు పట్టేస్తుంది. గాలిలో వంటగ్యాసు నూటికి సుమారు 2 పాళ్లకు చేరితే అంటుకుంటుంది. అందులో ఐదో వంతు ఉన్నప్పుడే వాసన తెలియాలని లెక్క. అంటే ప్రమాదం దూరంగా ఉండగానే కబురు అందుతుందన్నమాట. ఆ కబురు అందితే స్విచ్చి వేయనూ వద్దు, ఆర్పనూ వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికి వెళ్లాకే 1906కు ఫోను చేయండి.

తమాషా ఏమిటంటే, కుళ్లిన మాంసం నుంచి వచ్చే వాసనలో కూడా ఇదే పదార్థం ఉంటుంది. అందుకే అమెరికాలో గొట్టం చిల్లుపడ్డచోట ఒక జాతి రాబందులు ఆకాశంలో గుమిగూడేవట. వాటిని చూసి ఇంజనీర్లు లీకు ఎక్కడుందో పట్టేవారు.

కాని ముక్కును పూర్తిగా నమ్మకూడదు. ఒకే వాసన కాసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. "ఇందాక వచ్చింది, ఇప్పుడు రావడం లేదులే" అనుకుంటాం, గ్యాసు మాత్రం అక్కడే ఉంటుంది. జలుబు చేసినవాళ్లకు, పెద్దవయసు అత్తగార్లకు, మామగార్లకు, కోవిడ్ వచ్చాక వాసన తగ్గినవాళ్లకు అసలే తెలియకపోవచ్చు. నేలలో పాతిన గొట్టం కారితే మట్టి కూడా కొంత వాసనను పీల్చేస్తుంది.

అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే గ్యాసు కనిపెట్టే అలారం పెట్టుకోవడం మంచిది. అయితే దాన్ని ఎక్కడ బిగించాలన్నది ముఖ్యం. బండలోని గ్యాసు గాలికన్నా బరువైనది, నేల మీద నీళ్లలా పాకి మూలల్లో నిలుస్తుంది. దానికైతే అలారం కింద, నేలకు దగ్గరగా ఉండాలి. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడల్లో కొన్ని ఇళ్లకు పైపుల్లో వస్తున్నది సహజ వాయువు. అది గాలికన్నా తేలిక, పైకప్పు కిందికి చేరుతుంది. దానికి అలారం పైన ఉండాలి. బండ మాని పైపుకు మారినవాళ్లు అలారాన్ని కూడా మార్చుకోవాలి. పాత గ్యాసు కోసం చేసిన అలారం కొత్త గ్యాసుకు సరిపోతుందా అని కొన్న దుకాణంలోనే అడిగి తెలుసుకోండి.