మీకు తెలుసా? గిటారిస్టు కాలి కింద ఏం జరుగుతుందో!

గిటార్‌ను బరబరలాడించే ఫజ్ పెడల్ పుట్టింది ఓ పాడైన మెషీన్ పుణ్యాన. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’లో గ్రేడీ మార్టిన్ బేస్ సోలో వాయించారు. అది నాష్‌విల్ స్టూడియోలోని కన్సోల్‌లో దెబ్బతిన్న ఛానల్ గుండా వెళ్లి గరగరమంటూ బయటికొచ్చింది. దాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచేశారు. తర్వాత ఇంజినీరు గ్లెన్ స్నాడీ అదే గరగరను కావాలని పుట్టించే సర్క్యూట్‌కు రూపమిచ్చారు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని ‘మాస్ట్రో ఫజ్‌టోన్’ పేరుతో మార్కెట్‌లో పెట్టింది. మొదట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫ్యాక్షన్’లో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాక మాత్రం దుకాణాల్లో సరుకు నిలవలేదు.

ఇప్పుడు కాలేజీ బ్యాండుల్లో, చర్చి బృందాల్లో వాయించే కుర్రాళ్ల ముందు కూడా నాలుగైదు పెడళ్లు బిగించిన బోర్డు కనిపిస్తోంది. తర్వాత ఏ పెడల్ కొనాలన్నదే ఎప్పుడూ చర్చ. ఉన్న వాటిని ఏ వరసలో కలిపారు, ఏ తీగతో కలిపారు, కరెంటు ఎక్కణ్నుంచి ఇచ్చారు అన్నది అడిగేవాళ్లు తక్కువ. సగం బోర్డుల రోగం అక్కడే ఉంటుంది.

ముందు వరస సంగతి. ఫజ్, ప్రతిధ్వని పుట్టించే డిలే, ఈ రెండే పెడళ్లు తీసుకోండి. ఫజ్ ముందుంటే బరబరలాడిన స్వరం ప్రతిధ్వనిగా మళ్లీ మళ్లీ వినిపించి, క్రమంగా సన్నగిల్లుతుంది. అవే పెడళ్లను అటూ ఇటూ మార్చండి. సన్నగిల్లాల్సిన ప్రతిధ్వనులను ఫజ్ పట్టుకుని అన్నిటినీ దాదాపు ఒకే ఎత్తుకు లేపుతుంది. స్వరాలన్నీ కలిసి ముద్దవుతాయి. ఆ ముద్దే కావాలనుకునేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. 1966లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ లాంటి పాతకాలపు డిజైన్లకు ఇంకో పట్టింపు ఉంది. వాటికి గిటార్ పికప్ నేరుగా తగలాలి. అప్పుడే గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించగానే ఫజ్ మెత్తబడుతుంది. మధ్యలో బఫర్ (సిగ్నల్‌కు బలమిచ్చే చిన్న సర్క్యూట్) ఉన్న ట్యూనర్ పెడితే ఆ గుణం చాలావరకు పోతుంది.

అలాగని బఫర్ శత్రువేం కాదు. మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. గిటార్ నుంచి బోర్డుకు ఆరు మీటర్లు, బోర్డు నుంచి యాంప్‌కు ఇంకో ఆరు మీటర్లు లాగితే 1,200 అయింది. పెడళ్లన్నీ ట్రూ బైపాస్ (ఆపితే సిగ్నల్‌ను సర్క్యూట్ తాకకుండా నేరుగా పంపే) రకమై ఆఫ్‌లో ఉంటే ఈ బరువంతా బలహీనమైన పికప్ మీదే పడుతుంది, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. మంచి బఫర్ ఒక్కటి ఉన్నా తేడా తెలుస్తుంది. ఫజ్ ఉంటే దాని తర్వాతే పెట్టండి.

ఇక కరెంటు. ఇవాళ ఎక్కువ పెడళ్లు 9 వోల్టులతో, అడాప్టర్ పిన్ మధ్యభాగం నెగటివ్‌గా నడుస్తాయి. అన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగ లాగడం చవక. కానీ డిజిటల్ డిలే అందులో చేరితే దాని సన్నటి కీచు చప్పుడు పక్క పెడళ్లలోకీ పాకవచ్చు. జర్మేనియం ఫజ్‌లు కొన్నిటిలో పాజిటివే గ్రౌండ్. అలాంటిదాన్ని అదే గొలుసుకు తగిలిస్తే ప్యాచ్ కేబుల్ షీల్డ్ గుండా ప్లస్, మైనస్ కలిసిపోయి సప్లై షార్ట్ అవుతుంది. వేర్వేరుగా విడదీసిన అవుట్‌లెట్లున్న పవర్ సప్లై ఖరీదెక్కువే. అయినా ఆరో పెడల్ డబ్బు దీనిమీద పెట్టడమే తెలివైన పని.

బ్యాటరీ వాడేవాళ్లకో చిన్న సంగతి. చాలా పెడళ్లలో బ్యాటరీ స్విచ్ ఇన్‌పుట్ జాకే. లోపలున్నది మూడు కాంటాక్టుల స్టీరియో జాక్. బ్యాటరీ మైనస్ తీగ మధ్య కాంటాక్టుకు అతికి ఉంటుంది. మోనో ప్లగ్ దూర్చగానే దాని పొడవాటి లోహపు ఒళ్లు ఆ కాంటాక్టును గ్రౌండ్‌తో కలిపేస్తుంది. అంతే, సర్క్యూట్ మేలుకుంటుంది. లైటు ఆరి ఉన్నా, ప్లగ్ తీయకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

బేస్ వాయించేవాళ్ల బాధ వేరు. ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న శబ్దాన్ని అంతగా పెంచదు. గిటార్‌కు అది వరమే, మోత ముద్దకాదు. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. పెడల్ తొక్కగానే పాట కింద నేల జారినట్టవుతుంది. అందుకే బేస్ కోసం చేసిన చాలా డ్రైవ్ పెడళ్లలో బ్లెండ్ నాబ్ ఉంటుంది. అసలు శబ్దాన్ని కొంత అలాగే పక్కనుంచి పంపి, బరబరను దానికి జోడిస్తుంది.