గంప దించే చోటు

తెలుగు పంతులుకు కూరగాయల బేరంతో ఏం పని అని మీరు అడగవచ్చు. నిజమే. మా సికిందరాబాదు కాపురంలో సంచీ మోయడం వరకే నా వంతు. బేరమాడే అధికారం పూర్తిగా మా ఆవిడది. మోండా మార్కెట్టులో ఆవిడ బేరం మొదలుపెట్టిందంటే, నేను నాలుగడుగులు పక్కకు జరిగి ఆకాశం కేసి చూస్తూ నిలబడేవాణ్ణి.

2022లో ఒక ఆదివారం ఇద్దరం అల్వాల్ రైతు బజారుకు వెళ్ళాం. తోటకూర కట్టలు, టమాటాలు ముందు పోసుకుని ఒక నడివయసు ఇల్లాలు కూర్చుని ఉన్నది. పక్కన కాంటా చూస్తున్న అమ్మాయి నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. మా విద్యార్థిని! మొదటి పీరియడులో తరచు కనబడని పిల్ల. హాజరు పట్టీలో ఆమె పేరుకు ఎదురుగా నేను పెట్టిన గుర్తులన్నీ వరసగా కళ్ళముందు కదిలాయి.

"ఆకుకూర పొద్దెక్కితే వాడిపోతది సార్. అమ్మ ఒక్కతే గంపలు దించలేదు. సగం అమ్మినంక నేను కాలేజీకొస్త" అన్నది, తప్పు చేసినదానిలా.

ఈలోగా మా ఆవిడ అలవాటు ప్రకారం, "కిలోకి ఐదు తగ్గించుకో" అన్నది. ఆ తల్లి నవ్వి, వెనక వేలాడుతున్న ధరల బోర్డు చూపించింది. మా ఆవిడ బేరం అంత త్వరగా ముగియడం నేను చూడడం అదే మొదలు.

ఆ బోర్డు వెనక కొంత కథ ఉన్నది. పంజాబులో 1987లో "అప్నీ మండీ" పేరుతో రైతులే నేరుగా అమ్ముకునే సంతలు పెట్టారు. అదే దారిలో 1999 జనవరిలో, నారా చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లు తెరిచింది. అదే ఏడు నవంబరులో తమిళనాడు మదురైలో "ఉళవర్ సందై" మొదలుపెట్టింది. 2014లో మన రాష్ట్రం రెండయినా, రెండు చోట్లా రైతు బజార్లు నిలిచాయి.

లెక్క చాలా తేలిక. టోకు ధరకు సుమారు నాలుగో వంతు ఎక్కువ, బయటి చిల్లర ధరకు సుమారు నాలుగో వంతు తక్కువ ఉండేలా రోజూ ధర నిర్ణయించాలన్నది సూత్రం. ఉదాహరణకు, టోకున 20 రూపాయలు పలికే కూర బయట 35 రూపాయలనుకోండి. ఇక్కడ 25, 26కు దొరుకుతుంది. రైతుకు ఐదారు రూపాయలు ఎక్కువ, మనకు తొమ్మిది పది రూపాయలు ఆదా. మధ్యలో కమీషనూ, తరుగూ లేవు.

దీనికి సర్కారు రైతు చేతికి రొక్కం ఇవ్వలేదు. కూర్చోవడానికి చోటిచ్చింది. తూచడానికి కాటా ఇచ్చింది. గంపలతో వచ్చేందుకు ఆర్టీసీ బస్సులు నడిపింది. ఊళ్ళో పంట చూసి, ఫోటో అంటించిన గుర్తింపు కార్డు ఇచ్చింది. ఆ కార్డే ఈ ఏర్పాటుకు ప్రాణం. కార్డు ఒకరిది, గంప మరొకరిది అయిన రోజున బోర్డు మిగులుతుంది గాని రైతు మిగలడు.

అయితే అన్నీ తీరే కష్టాలు కావు. "సారూ, టమాట అగ్గువైతే ఈడికి దెచ్చిన కిరాయి గూడ రాదు. ఎండబెట్టి ఒరుగులు జేస్తం, తొక్కు వెడ్తం. మా సంఘమంత పదిమందిమున్నం. సర్కారు పైసలిస్తదంట గద, కాయితం రాసిపెట్టరాదు?" అన్నది ఆ తల్లి.

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఏ దరఖాస్తయినా రాయడం వచ్చునని లోకం నమ్మకం! కాదనలేక వివరాలు సేకరించాను. చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం పది వేల కోట్ల రూపాయల అంచనాతో ఒక పథకం పెట్టింది. యూనిట్ ఖర్చులో 35 శాతం, పది లక్షలకు మించకుండా రాయితీ. స్వయం సహాయక సంఘాల సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలనిధి. జిల్లాకొక వస్తువు అనే మాట కూడా అందులో ఉన్నది. ఇది జపానులోని ఒయితా సీమలో 1979లో పుట్టిన "ఊరికొక వస్తువు" ఉద్యమానికి దూరపు చుట్టం.

రెండు లక్షల యూనిట్ అయితే 70,000 రాయితీ అని నేను ఉత్సాహంగా చెప్పాను. ఆ తల్లి శాంతంగా విని ఒకటే అడిగింది: "ముంగట ఇస్తరా, ఎనుక ఇస్తరా?"

నా ఎం.ఏ. అక్కడ ఆగిపోయింది. కాగితాలు మళ్ళీ తిరగేశాను. ముందు అప్పు తీసుకోవాలి. రాయితీ బ్యాంకులోనే విడిగా ఉంటుంది. యూనిట్ నడుస్తూ, వాయిదాలు సరిగా కడుతూ ఉంటే మూడేళ్ళ తరవాత అప్పులో జమ అవుతుంది. ఈ మాట చెప్పగానే పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్న తీసిన అప్పుకు రేపటి వర్షం హామీ ఉండదని వాళ్ళకు నాకంటే బాగా తెలుసు.

చివరికి వాళ్ళే దారి తేల్చారు. పెద్ద యంత్రం వద్దు. సమాఖ్య ద్వారా మూలనిధికి మాత్రం దరఖాస్తు. దానితో పాటు ఆహార భద్రతా నమోదు. ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి 2011 నాటి నిబంధనల ప్రకారం దాని రుసుము అప్పట్లో ఏటా వంద రూపాయలే ఉండేది. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండడం వల్ల, నేను చదివి చెప్పడం, మా విద్యార్థిని నింపడం. నాలుగు నెలలు పట్టింది, మూడుసార్లు తిరగవలసి వచ్చింది. డబ్బు అందిన వారం సంఘం పేరు రాసిన తొక్కు సీసా ఒకటి మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ వెల అడిగి, చెప్పినంతా ఇచ్చింది.

చిన్నవాడికి సాయం అంటే పెద్ద మొత్తం ప్రకటించడమే అనుకునేవాణ్ణి. అతని గంప దించడానికి చోటు, అతని భాషలో ఒక కాగితం, అతనికి అవసరమైన రోజున అందే పైకం ఉంటే చాలునని ఇప్పుడు తోస్తున్నది.

ఇక నా వంతు సంస్కరణ ఒకటి మిగిలింది. మొదటి పీరియడులో హాజరు ఇప్పుడు నేను గంట చివర పిలుస్తున్నాను.