గళ్ల బట్ట రంగులు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో అనంతసాగరం, ఉదయగిరి, ఆత్మకూరు వైపు గళ్ల లుంగీ, గళ్ల తువ్వాలు లేని ఇల్లు అరుదు. ఆ గళ్లకు రంగెలా పడుతుందో ఒకప్పుడు ఈ సీమకు బాగా తెలుసు. 19వ శతాబ్దిలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు విరివిగా పండించిన జిల్లాల్లో నెల్లూరు, వెలిగొండలకు అవతలి కడప ముందుండేవి. నీలి సాగుతో పాటు ఆ తెలివీ పోయింది, బదులుగా అపోహలు మిగిలాయి. స్కాట్లాండువాళ్ల గళ్ల ఉన్ని బట్ట టార్టాన్‌నూ ఇలాంటి అపోహలే చుట్టుకున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నిజం తేలిగ్గా తేలుతుంది.

అపోహ: గళ్ల నేత మనకు స్కాట్లాండు నుంచి వచ్చింది.

వాస్తవం: పడుగులో రెండు రంగుల నూలు, పేకలో అవే రంగులు పెడితే గళ్లు వాటంతటవే పడతాయి. మగ్గం ఉన్న ప్రతిచోటా ఇది పుట్టగలదు. స్కాట్లాండులో దొరికిన ఫాల్కిర్క్ గుడ్డ ముక్క క్రీ.శ. 3వ శతాబ్దిది. దానికి అద్దకమే లేదు, తెల్లగొర్రె, గోధుమరంగు గొర్రెల ఉన్నితోనే గళ్లు వచ్చాయి. మన తీరం నుంచి గళ్ల గుడ్డలు, రుమాళ్లు ఎగుమతి కావడమూ పాత కథే. బట్టల వ్యాపారం కోసం ఇంగ్లీషువాళ్లు 1626లో నెల్లూరు తీరాన దుగ్గరాజపట్నంలో కొఠీ పెట్టారు. చెన్నపట్నం కోట ఆ తర్వాతి సంగతి. చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు ‘మద్రాసు రుమాలు’ పేరుతో పశ్చిమాఫ్రికాకు వెళ్లాయి. నైజీరియాలోని కలబరి ప్రజలు ఆ బట్టను ‘ఇంజిరి’ అని పిలుచుకుని, పుట్టుక నుంచి చావు దాకా ప్రతి ముఖ్య సందర్భంలోనూ వాడుకున్నారు.

అపోహ: సహజ రంగులంటే వెలిసినట్టు, మసకగా ఉంటాయి.

వాస్తవం: తీరపు ఇసుక నేలల్లో తవ్వితీసే చిరువేరు ఇచ్చే ఎరుపు కళ్లకు కొట్టొచ్చినట్టు ఉంటుంది. పాత టార్టాన్‌లలోని ఎరుపూ అంతే. దానికోసం అమెరికా ఖండం నుంచి కొచినీల్ పురుగు రంగును తెప్పించుకునేవారు. ఇప్పుడు దుకాణాల్లో ‘ప్రాచీన వర్ణాలు’ అని అమ్మే లేత టార్టాన్‌లు పాత బట్టకు నకళ్లు కావు. వెలిసిపోయిన పాత బట్టను చూసి, మొదటి నుంచీ అలాగే ఉండేదని ఊహించి 20వ శతాబ్దిలో తయారుచేసిన రంగులవి.

అపోహ: ఒక మొక్క ఒక రంగే ఇస్తుంది.

వాస్తవం: రంగును తేల్చేది మొక్క ఒక్కటే కాదు, నూలుకు ముందుగా పట్టించే కారం కూడా. కారమంటే రంగును పోగుకు పట్టి ఉంచే పటిక, ఇనుము వంటి పదార్థం. కరక్కాయ నీళ్లలో ముంచి పటిక పట్టించిన నూలును చిరువేరుతో ఉడికిస్తే ఎరుపు వస్తుంది. ఇనుప కారం పట్టిస్తే నలుపు, రెండూ కలిపితే ముదురు వక్కరంగు. చీరాల, పుట్టపాక తేలియా రుమాళ్లలో ఈ మూడు వర్ణాలే రాజ్యమేలుతాయి. ఆ నూలును ముందుగా నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. ఎరుపుకు అంత నిగారింపు వచ్చేది ఆ శ్రమవల్లే. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

నీలి దారి వేరు, దానికి కారం అక్కర్లేదు. తొట్టిలోంచి తీసినప్పుడు నూలు పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలాక నీలమవుతుంది. ఎన్ని ముంపులు వేస్తే అంత ముదురు.

అపోహ: పాత బట్టలో ఇప్పుడు కనబడేదే అసలు రంగు.

వాస్తవం: ఆకుపచ్చను చూస్తే ఇది చప్పున తెలుస్తుంది. నీలి మీద పసుపు వేస్తే పచ్చదనం వచ్చేది. పసుపు రంగులు చాలావరకు ఎండకు నిలవవు, నీలి నిలుస్తుంది. అందుకే మ్యూజియాల్లోని పాత కలంకారీ దుప్పట్ల మీద ఆకులు నీలంగా కనిపిస్తాయి. ఆకులను నీలంగా వేయాలని ఆ కళాకారులు అనుకోలేదు. పాత టార్టాన్‌లలోని పచ్చగళ్లూ ఇలాగే నీలానికి తిరిగాయి.

అపోహ: ఒకే రకం బట్టలో రంగు తేడా ఉంటే అది నేసినవాళ్ల తప్పు.

వాస్తవం: వేరు ఏ నేలలో పెరిగింది, నీళ్లలో సున్నం ఎంత, ఎంతసేపు ఉడికింది, ఎండ ఎలా కాసింది అన్నవాటిని బట్టి ఒక్కో విడతకు ఛాయ కాస్త మారుతుంది. టార్టాన్‌నైనా గుర్తించేది రంగు ఛాయతో కాదు, పోగుల లెక్కతో, వాటి వరసతో. బానక్‌బర్న్‌లోని విల్సన్ కంపెనీ 1819 నాటి తన పుస్తకంలో రాసిపెట్టింది ఆ లెక్కలనే. అదే వరసను ఒకరు ముదురు ఎరుపులో నేసినా, మరొకరు లేత ఎరుపులో నేసినా అది అదే టార్టాన్.

అపోహ: రంగు దిగితేనే సహజ రంగు. ఉప్పునీళ్లలో నానబెడితే ఇక దిగదు.

వాస్తవం: 1960 ప్రాంతంలో అమెరికాలో మద్రాసు గళ్ల బట్టను ‘రంగు దిగుతుందని హామీ’ అంటూ ప్రకటనలిచ్చి అమ్మారు. ఆ వ్యాపారపు మాట జనంలో నిలిచిపోయింది. నిజానికి కారం సరిగా పట్టి, చివర బాగా ఉతికిన చిరువేరు ఎరుపు తరాలపాటు నిలుస్తుంది. ముదురు నీలి మాత్రం రాపిడికి కొంత అంటుతుంది, ఎందుకంటే అది పోగులో కరగని రేణువుగా ఉండిపోతుంది. అది దాని స్వభావం. ఇక ఉప్పు సంగతి: కొన్ని రంగులు అద్దేటప్పుడు నూలుకు ఎక్కడానికి ఉప్పు సాయపడుతుంది. అద్దకంలో నిలవని రంగును ఇంట్లో వేసిన ఉప్పు కట్టిపడేయలేదు. మొదటి ఉతుకులు విడిగా, చల్లని నీళ్లలో వేసి నీడన ఆరేయడమే మేలు.

అపోహ: రసాయన రంగును చూడగానే పట్టేయవచ్చు.

వాస్తవం: చిరువేరులో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని బజారుకు తెచ్చింది. ఆకు నుంచి తీసినా, కార్ఖానాలో చేసినా నీలపు అణువు ఒకటే. ఆకు నీలిలో ఇతర పదార్థాలు కొన్ని కలిసి ఉంటాయి, అంతే. వాటిని పట్టేది పరీక్షశాల, మన కన్ను కాదు. కార్ఖానా నీలి చౌకగా రావడంతో మన జిల్లాల నీలి సాగు కుప్పకూలింది. మారింది అణువు కాదు, దాని మీద బతికే మనుషులు.

కాబట్టి ‘సహజ రంగు’ అన్న చీటీ చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, రంగు తేడా చూసి బేరమూ ఆడకండి. ఏ రంగు వేశారు, ఏ కారం పట్టించారు, ఎక్కడ అద్దారు అని అడగండి. పని తెలిసినవాళ్లు సంతోషంగా చెబుతారు. ఇలా అడిగి కొనేవాళ్లు పెరిగితేనే చేతి అద్దకానికి తగిన ధర వస్తుంది, నేర్చుకోవడానికి కుర్రవాళ్లు ముందుకొస్తారు.