పింగాణి పాత్ర, దాని వృత్తాంతము



మా యత్తవారింట నొక చీనా పింగాణి గిన్నె గలదు. మా మామగారి తాతగారు రంగూను పట్టణమున గుమాస్తాగా నుండి, 1942వ సంవత్సరమున యుద్ధభయముచే స్వదేశమునకు మరలినపుడు, వారి యిల్లాలు చీరలలో చుట్టి తెచ్చుకొన్న సామానులలో నిది యొకటియట. తెల్లని గిన్నెపై ఎఱ్ఱని పువ్వులు, అంచున బంగారు రేక. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో పండుగకు ఇల్లు శుభ్రము చేయుచు, ఇత్తడి చెంబులతోపాటు దీనిని గూడ చింతపండు, బూడిద పెట్టి తోమితిమి. బంగారు రేక సగము చెరిగిపోయినది. అత్తగారు కోపపడలేదు. "పోనిమ్మమ్మా, తెలిసి చేసినావా యేమి?" అని మాత్రమనిరి. ఆ గిన్నె నెవరిచ్చిరి, ఎక్కడ కొనిరి అని యడుగగా, "మా అత్తగారికి తెలియును. ఆ మాట ఆమెతోనే పోయినది" అనిరి. బంగారము పోయినందుకంటె ఈ మాటకే మాకు మిక్కిలి విచారము కలిగినది. బడిపంతులుగారి యింట పురాతన పాత్రలు కొను స్తోమత లేదు గాని, పుస్తకములకు కొదువ లేదు. నాటినుండి వీనిగూర్చి చదువ మొదలిడితిమి.

చీనాలోని జింగ్‌డెజెన్ నగరము ఈ విద్యకు రాజధానివంటిది. గావోలింగ్ అను కొండపేరున కేయొలిన్ అనబడు తెల్లమన్నును ఒక విధమగు రాతిపొడితో కలిపి, సుమారు 1,300 డిగ్రీల వేడిలో కాల్చుదురు. ఒక్కొక్క పాత్ర డెబ్బదిమంది చేతులమీదుగా వచ్చునని 1712లో ఒక ఫ్రెంచి పాదిరి ఆ యూరి పనిగూర్చి జాబు వ్రాసెను. పాశ్చాత్యులకు 18వ శతాబ్ది ఆరంభము వరకు ఈ రహస్యము పట్టుపడలేదు. అందుచే వారి రాజులకు దీనిపై తీరని మోజు. 1717లో శాక్సనీ ప్రభువగు అగస్టసు, ప్రష్యా రాజునకు 600 మంది రౌతుల నిచ్చి, 151 పింగాణి పాత్రలను పుచ్చుకొనెను! ఆ రౌతుల తల్లులు ఈ బేరమును విని ఏమనుకొనిరో గదా.

ఇట్టి పాత్రలను సేకరించువారికి మొదటి చిక్కు అడుగున వ్రాసిన ముద్రతోనే వచ్చును. చెంగ్‌హువా చక్రవర్తి కాలము (1465–1487) నాటి పనితనము మిగుల ప్రసిద్ధము. రెండువందల యేండ్ల తరువాత కాంగ్‌షీ కాలపు పనివారును తమ పాత్రలపై ఆ పాత చక్రవర్తి పేరే వ్రాసిరి. అది యెల్లప్పుడు మోసము కాదు. పెద్దలయెడ గౌరవముచే నట్లు వ్రాయుటయు గలదు. కావున తెలిసినవారు ముద్రను చూచి మురియక, పాత్రను బోర్లించి, మెఱుగు పూయని అడుగు అంచున మన్ను ఎట్లున్నదో చూతురు. బరువు, కుంచెపని, మెఱుగు పరికింతురు. 2014లో హాంకాంగులో, కోడిపుంజు, పెట్ట, పిల్లలు చిత్రించిన చెంగ్‌హువా నాటి చిన్నగిన్నె యొకటి 28 కోట్ల హాంకాంగు డాలర్లకు పైగా పలికినది. ఇంత వెల గలచోట నకిలీలు పుట్టుట వింతయా?

అయితే ఉన్నదున్నట్లు చెప్పు వ్రాతయు నొకటి గలదు. బొంబాయిలో 1892లో జన్మించిన సర్ పెర్సివల్ డేవిడ్ అనువారు చీనాభాష నేర్చి, సుమారు 1,700 పాత్రలను కూర్చిరి. వానిలో రెండు పూలకూజాలు జగత్ప్రసిద్ధములు. ఒక్కొక్కటి సుమారు 63 సెంటీమీటర్ల ఎత్తు. తెలుపుమీద నీలిరంగున డ్రాగనులు, మెడకిరువైపుల ఏనుగుతలల పిడులు. ఈ జంట విడిపోయి వేర్వేరు చేతులలో నుండగా, ఆయన వేర్వేరుగా కొని కలిపిరి. వాని మెడపై నీలి అక్షరములున్నవి. జాంగ్ వెన్‌జిన్ అను భక్తుడు ఒక ధూపపాత్రను, ఈ రెండు కూజాలను దేవాలయమున కర్పించి, తన యింటివారి రక్షణమును, కొడుకుల, కూతుండ్ర క్షేమమును కోరినాడు. తేదీ సహా వ్రాయించినాడు. అది 1351వ సంవత్సరము.

అంత పూర్వమున నీలిచిత్రపు పని అంత చక్కగా నుండెనని పండితులు తలపనైనలేదు. 1950ల ప్రాంతమున జాన్ పోప్ అను అమెరికా పండితుడు ఈ కూజాలను ఆధారముగా గొని, ఇస్తాంబులు నగరపు, ఇరాను దేశపు భాండారములలోని పాత్రలను పోల్చి, ఆ కాలపు పనియంతయు గుర్తింపగలిగెను. ఒక తండ్రి బిడ్డలకొఱకు వ్రాయించిన నాలుగు మాటలు, ఆరువందల యేండ్ల పిమ్మట లోకమునకు దీపమైనవి. కూజాలు 2009 నుండి లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నవి. ధూపపాత్ర జాడ మాత్రము తెలియలేదు.

అంత దూరము పోలేనివారు హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున చీనా పాత్రలను చూడవచ్చును. అందు లేతాకుపచ్చని సెలడాన్ పళ్ళెములు గలవు. విషాన్నము వడ్డించిన నవి పగులుననియో, రంగు మారుననియో పూర్వపు ప్రభువులు నమ్మెడివారు. ఆ నమ్మకము వట్టిదే గాని, ఆ పళ్ళెములు నేటికిని కన్నులపండువగా నున్నవి.

ఇక మన యిండ్ల సంగతి. పాత పింగాణి పాత్రను బూడిదతోగాని ఇసుకతోగాని తోమరాదు. మెఱుగుమీద వేసిన రంగులు, బంగారము రాపిడికి నిలువవు. గోరువెచ్చని నీట మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. అంచునుగాని పిడినిగాని పట్టి యెత్తక, రెండు చేతులను అడుగున నుంచి పట్టవలెను. పగులు గలదానిలో వేడి పదార్థము పోయరాదు. అన్నిటికంటె ముఖ్యము: ఇంటి పెద్దలు జీవించియుండగనే, అది ఎవరిది, ఎప్పుడు, ఎక్కడ కొన్నది అని యడిగి వ్రాసి యుంచవలెను.

మేమును మా గిన్నెలో ఒక కాగితము మడిచి పెట్టితిమి. రంగూను పేరు, 1942 సంవత్సరము, తెచ్చిన యిల్లాలి పేరు వ్రాసితిమి. బంగారు రేకను చెరిపిన కోడలి పేరును గూడ చివర వ్రాసితిమి. అత్తగారు కళ్ళజోడు పెట్టుకొని అంతయు చదివి, నవ్వి, కాగితమును మరల మడిచి గిన్నెలో నుంచిరి.