తూకం యంత్రం చీటీ యంత్రంతో ఏం మాట్లాడుతుంది?

పొద్దున్నే ఊళ్ళో పాల కేంద్రం దగ్గర నిలబడితే ఒక తమాషా కనిపిస్తుంది. ఇంటినుంచి తెచ్చిన పాలు తూకం మీది పాత్రలో పోస్తారు. కొద్దిగా నమూనా తీసి పక్కనున్న పరీక్ష యంత్రానికి అందిస్తారు. ఎవరూ కలం పట్టరు, పుస్తకం తెరవరు. కాసేపటికి మూడో పెట్టెలోంచి చీటీ బయటికి వస్తుంది. అందులో మన నంబరు, పాలెన్ని, వెన్న శాతం ఎంత, రూపాయలెన్ని, అన్నీ ఉంటాయి. తూకం యంత్రం చూసిన బరువును చీటీ యంత్రానికి ఎవరు చెప్పారు? మధ్యలో ఉన్నది ఒక సన్నని తీగ. ఆ తీగలో జరిగే సంభాషణ గురించే ఈనాటి ప్రసంగం. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలనుకునే పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే, నేను ఆ తీగ దగ్గరే మొదలుపెట్టమంటాను.

ఎందుకంటే ఆ తీగ మాట్లాడటం మానేసిన రోజున చీటీ మీద అంకె పడదు, లేకపోతే పిచ్చి అక్షరాలు పడతాయి. మిషను చెడిపోయిందంటారు. పట్నంనుంచి మెకానిక్కు రావాలి. పాలు అంతదాకా ఆగవు గదా! కార్యదర్శి చేత్తో రాస్తాడు. చేత్తో రాసిన అంకె మీద ఒకరికి నమ్మకం, ఇంకొకరికి అనుమానం. వారం తిరిగేసరికి అది డబ్బు తగాదా అవుతుంది. తీరా చూస్తే చాలాసార్లు లోపం తూకంలోనూ ఉండదు, చీటీ యంత్రంలోనూ ఉండదు. ఆ రెండింటి మధ్య కుదిరిన ఒప్పందం ఎక్కడో తెగి ఉంటుంది. ఆ సంగతి కనిపెట్టగల పిల్లవాడో పిల్లో ఊళ్ళో ఒకరుంటే చాలు. కానీ మన పిల్లలు లాజిక్ గేట్ల పట్టికలు ఎక్కాల్లాగా అప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటారు గాని, చిప్పు చేత్తో పట్టుకున్నవాళ్ళు తక్కువ. దానికి తోడు మన సరిహద్దు తాలూకాల తిప్పలు మీకు తెలిసినవే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పైచదువు పుస్తకాల్లో ఇంగ్లీషు. హోసూరు వైపైతే కన్నడం చోట తమిళం, రాయగడ వైపైతే ఒడియా. పేర్లు ఇంగ్లీషులో ఉన్నా ఇబ్బంది లేదు; గేటును ద్వారం అని మార్చినంత మాత్రాన కొత్తగా అర్థమయ్యేదేమీ లేదు. అది ఏం చేస్తుందో మాత్రం మన మాటల్లో మనం చెప్పుకోగలగాలి.

ముందుగా ఒక మాట. తీగలో అంకెలు పారవు. తీగ మీద ఉండేది వోల్టేజి మాత్రమే. ఏ వోల్టేజిని సున్న అనాలి, దేన్ని ఒకటి అనాలి అన్నది మనం చేసుకున్న ఏర్పాటు. అయిదు వోల్టుల మీద నడిచే టీటీఎల్ జాతి చిప్పులనే తీసుకోండి. పుచ్చుకునే చిప్పు 0.8 వోల్టు లోపుంటే సున్న అంటుంది, 2 వోల్టులు దాటితే ఒకటి అంటుంది. పంపే చిప్పుకు నియమం ఇంకాస్త కఠినం. సున్న పంపితే 0.4 వోల్టు దాటకూడదు, ఒకటి పంపితే 2.4 కంటే తగ్గకూడదు. చూశారా, రెండు వైపులా 0.4 వోల్టు వెసులుబాటు మిగిలింది. పక్క తోటలో మోటారు స్టార్టరు వేసినప్పుడు తీగలో పుట్టే చిన్నాచితకా అలజడి ఆ వెసులుబాటులోనే మునిగిపోతుంది. సున్న సున్నగానే, ఒకటి ఒకటిగానే అవతలికి చేరుతాయి. డిజిటల్ పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

ఈ సున్నా ఒకట్లతో తర్కం నడపవచ్చని ఇంగ్లండుకు చెందిన జార్జి బూల్ 1854లో అచ్చయిన గ్రంథంలో చూపించాడు. ఆ తర్కాన్ని విద్యుత్ స్విచ్చులతో కట్టవచ్చని అమెరికాలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి 1937లో తన ఎం.ఎస్. పరిశోధన వ్యాసంలో నిరూపించాడు. మనం ఇంట్లో చేసి చూడటానికి ఒక్క చిప్పు చాలు. దాని పేరు 74హెచ్‌సీ00. అందులో నాలుగు నాండ్ గేట్లు ఉంటాయి. నాండ్ గేటు స్వభావం విచిత్రం. రెండు ఇన్‌పుట్లూ ఒకటైతేనే ఔట్‌పుట్ సున్న. తక్కిన మూడు సందర్భాల్లోనూ ఒకటే.

చిప్పుకు పద్నాలుగు కాళ్ళు. దాని మీది గంటును మీ ఎడమ చేతి వైపు ఉంచండి. కింది వరుసలో ఎడమ చివరిది ఒకటో కాలు. అక్కడినుంచి కుడికి ఏడు దాకా, తిరిగి పై వరుసలో కుడినుంచి ఎడమకు ఎనిమిది మొదలు పద్నాలుగు దాకా లెక్క. మూడు పెన్సిల్ సెల్సు వరసగా పెడితే నాలుగున్నర వోల్టులు, ఈ చిప్పుకు అది సరిపోతుంది. ప్లస్సు పద్నాలుగో కాలికి, మైనస్సు ఏడో కాలికి. ఒకటి, రెండు ఇన్‌పుట్లు, మూడు ఔట్‌పుట్. మూడో కాలినుంచి వెయ్యి ఓముల రెసిస్టరు, దాని తరువాత ఒక ఎల్ఈడీ లైటు, దాని రెండో కొస మైనస్సుకు. ఇక ఇన్‌పుట్లను ప్లస్సుకో మైనస్సుకో తగిలిస్తూ లైటును చూడండి. పుస్తకంలోని పట్టిక మీ కళ్ళముందు వెలిగి ఆరుతుంది. ఒక ఇన్‌పుట్‌ను ఎక్కడా తగిలించకుండా గాల్లో వదిలేసి కూడా చూడండి. చేయి దగ్గరికి తెచ్చినా లైటు మారిపోవచ్చు. ఎటూ తగిలించని తీగ సున్న కాదు, అది ఏదైనా కావచ్చు. ఈ ముక్క గట్టిగా మనసులో పడితే సర్క్యూట్ల డిజైన్‌లో సగం తలనొప్పులు తగ్గుతాయి. వాడని గేట్ల ఇన్‌పుట్లను మైనస్సుకు కట్టేయడం అందుకే.

ఒక గేటు ఔట్‌పుట్‌ను ఇంకో గేటుకు ఇన్‌పుట్‌గా, దాని ఔట్‌పుట్‌ను తిరిగి మొదటిదానికి ఇస్తే ఆ జంట ఒక అంకెను గుర్తు పెట్టుకుంటుంది. ఆ ఆలోచననే ఇంకాస్త పెంచి, ఎనిమిది జ్ఞాపకపు గదులు వరసగా పెట్టి, గడియారం టిక్కుమన్నప్పుడల్లా ప్రతి అంకే పక్క గదిలోకి జరిగేలా చేస్తే దాన్ని షిఫ్ట్ రిజిస్టరు అంటారు. ఎనిమిది అంకెలు ఒకదాని వెంట ఒకటి ఒకే గడపలోంచి బయటికి నడిచి వస్తాయన్నమాట. మన తూకం యంత్రం నోరు అదే.

బరువు అంకెగా మారే సంగతి కూడా ముచ్చటగానే ఉంటుంది. పళ్ళెం కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నని రేకు సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. సాధారణంగా దొరికే లోడ్ సెల్‌కు 5 వోల్టులు ఇస్తే పూర్తి బరువు మీద వచ్చేది 10 మిల్లీవోల్టులే. నూరు కిలోల తూకంలో పది గ్రాముల తేడా అంటే వోల్టులో పది లక్షల వంతు! దాన్ని పెద్దది చేసి, కొలిచి, అంకెగా మార్చే చిప్పు వేరే ఉంటుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి. తూకం యంత్రం 5 అనే అంకెను తీగ మీదికి పంపుతోందనుకుందాం. ఆస్కీ అనే ఒప్పందం ప్రకారం 5 అనే అక్షరానికి కోడు 53. దాన్ని రెండు అంకెల పద్ధతిలో రాస్తే 00110101. అంటే 32, 16, 4, 1 కలిస్తే 53. దీన్ని పంపేటప్పుడు చిన్న స్థానం ముందు వెళుతుంది. మనం యాభై మూడు అంటాం, కన్నడంలో ఐవత్తమూరు అంటారు. రెండింటిలోనూ యాభయ్యే ముందు. సంతలో ఉర్దూ మాట్లాడే వ్యాపారి తిర్పన్ అంటాడు. మూడు ముందు, యాభై తరువాత. ఈ తీగది ఆ ఉర్దూ వరస.

ఏమీ మాట్లాడనప్పుడు తీగ ఒకటి మీద ఉంటుంది. మాట మొదలుపెట్టే ముందు ఒక సున్న వేస్తుంది. డిక్టేషన్ చెప్పే పంతులు "ఊఁ, రాసుకోండి" అన్నట్టు. దాన్ని స్టార్ట్ బిట్ అంటారు. తరువాత ఎనిమిది అంకెలు: 1, 0, 1, 0, 1, 1, 0, 0. చివర ఒకటి వేసి ఆపుతుంది, అది స్టాప్ బిట్. మొత్తం పది. వేగం సెకనుకు 9600 అని పెట్టుకుంటే ఒక్కో బిట్ నిలిచేది సెకనులో పది లక్షల వంతులు 104. సెకనుకు 960 అక్షరాలు పోతాయి. పది అక్షరాల బరువు లెక్క చేరడానికి సెకనులో నూరో వంతు చాలు.

ఇందులో గమనించవలసింది ఏమిటంటే, గడియారం టిక్కును మోసే తీగ వేరే లేదు. చెప్పేవాడి గడియారం వాడిది, రాసుకునేవాడి గడియారం వాడిది. స్టార్ట్ బిట్ పడగానే రాసుకునేవాడు తన గడియారం చూసి ఒక్కో బిట్ నడిమధ్యలో కన్ను తెరిచి చూస్తాడు. స్టాప్ బిట్ మధ్యకు చేరేసరికి తొమ్మిదిన్నర బిట్ల కాలం గడుస్తుంది. అప్పటికి పొరపాటు సగం బిట్ దాటకూడదు. అంటే ఇద్దరి గడియారాల మధ్య తేడా నూటికి అయిదు లోపు ఉండాలి. ఆచరణలో ఇంకా తక్కువే ఉంచుతారు. ఒకరు 9600 అని, ఇంకొకరు 4800 అని పెట్టుకుంటే ఒక్కసారి కన్ను తెరిచేలోగా రెండు బిట్లు దాటిపోతాయి. అప్పుడే చీటీ మీద పిచ్చి అక్షరాలు. యంత్రం చెడలేదు, డిక్టేషన్ వేగం కుదరలేదు.

అసలేమీ రాకపోతే కథ వేరు. ప్లగ్గు వదులు కావచ్చు. లేదా ఒకరి నోరు ఇంకొకరి నోటికే తగిలించి ఉండవచ్చు. పంపే తీగ అవతల పుచ్చుకునే చోటికి పోవాలి గదా. ఒకసారి సరిగా, ఒకసారి తప్పుగా వస్తుంటే ముందుగా మైనస్సు తీగను అనుమానించండి. దాన్ని గ్రౌండ్ అంటారు. రెండు యంత్రాలకూ అది ఉమ్మడిగా లేకపోతే ఎక్కడినుంచి ఎంత ఎత్తు కొలవాలో తెలియదు. చెరువు నీటిమట్టం కొలిచే ఇద్దరూ రెండు వేరు మెట్లనుంచి లెక్కపెట్టినట్టు అవుతుంది. కొన్ని యంత్రాలు ప్యారిటీ అనే కాపలా బిట్‌ను కూడా పెడతాయి. 53లో ఒకట్లు నాలుగు, సరి సంఖ్య కాబట్టి కాపలా బిట్ సున్న. దారిలో ఒక బిట్ తారుమారైతే పట్టుబడుతుంది. రెండు ఒకేసారి మారితే మాత్రం ఆ కాపలా నిద్రపోతుంది.

పాతకాలపు తొమ్మిది సూదుల ప్లగ్గు ఉంటే ఇంకో జాగ్రత్త. అక్కడ నడిచేది ఆర్‌ఎస్ 232 అనే పద్ధతి, 1960లో వచ్చింది. అందులో ఒకటి అంటే మైనస్ 3 నుంచి 15 వోల్టులు, సున్న అంటే ప్లస్ 3 నుంచి 15. తలకిందులన్నమాట. ఆ తీగను నేరుగా అయిదు వోల్టుల చిప్పుకు తగిలిస్తే చిప్పు పాడవుతుంది. మధ్యలో మ్యాక్స్ 232 వంటి చిప్పు దుబాసీగా ఉండాలి. రెండు భాషల మధ్య బతికే మనకు దుబాసీ పని కొత్తేమీ కాదు.

పరికరాల మధ్య ఒప్పందాలు ఇంకా ఉన్నాయి. ఫిలిప్స్ కంపెనీ 1982లో తెచ్చిన ఐ టు సి పద్ధతిలో రెండే తీగలు. ఒకటి గడియారానికి, ఒకటి మాటకు. ఎన్నో చిప్పులు ఆ తీగలకే వేలాడుతుంటాయి. హాజరు పిలిచినట్టు నంబరు పిలిస్తే ఆ నంబరు చిప్పే పలుకుతుంది. మోటరోలా వారి ఎస్‌పీఐకి సాధారణంగా నాలుగు తీగలు, వేగం ఎక్కువ. దూరం పోవాలంటే ఆర్‌ఎస్ 485. మెలిపెట్టిన రెండు తీగల మధ్య తేడానే చూస్తుంది కాబట్టి అలజడి రెండింటి మీదా సమంగా పడి కొట్టుకుపోతుంది. వేగం తగ్గించుకుంటే 1200 మీటర్ల దాకా పోతుంది. మన పావగడ తాలూకాలోని సౌర విద్యుత్ పార్కు లాంటి పెద్ద క్షేత్రాల్లో ఇన్వర్టర్లు లెక్కలు అప్పజెప్పడానికి ఇలాంటి తీగలే ఎక్కువగా వాడతారు.

నేర్చుకునే పిల్లలు గేటు తరువాత ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పట్టుకుంటే మంచిది. ఇటలీలో 2005లో మొదలైన ఆర్డ్యునో ఇందుకు అనువైనది. బోర్డును 9600 వేగంతో పేరు పంపమనండి. కంప్యూటరు తెర మీద వేగం 4800కు మార్చండి. పిచ్చి అక్షరాలు వస్తాయి. తిరిగి 9600 పెట్టండి. మీ పేరు వస్తుంది. తప్పును కావాలని చేసి దాని ముఖం గుర్తుపట్టినవాడు పాల కేంద్రంలో దాన్ని చూడగానే పోలుస్తాడు. కార్నో మ్యాపులు ఆ తరువాత చదువుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు.

అయితే రెండు హద్దులు. ఇంటి కరెంటు 230 వోల్టులు ఉన్న వైపు పిల్లలు చేయి పెట్టకూడదు, ప్రయోగాలన్నీ సెల్సుతోనే. తూకం యంత్రానికి తూనికలు కొలతల శాఖవారు వేసిన సీలును ఎవరూ కదపకూడదు. మనం చూడవలసిన తీగ, ప్లగ్గు సీలుకు బయటే ఉంటాయి. చీటీ యంత్రంలోని వేగం అమరికను కూడా కార్యదర్శి ఎదుటే చూడాలి.

కాగితం ఇంకా చేతిలో ఉంటే 7 అనే అంకెను పంపి చూడండి. దాని కోడు 55. ముందు సున్న, తరువాత 1, 1, 1, 0, 1, 1, 0, 0, చివర ఒకటి. మీకూ అలాగే వచ్చిందా? రాకపోతే వరస తిరగబడిందేమో చూసుకోండి.