జెండాకు నిప్పు... ఎప్పుడు నేరం? ఎప్పుడు గౌరవం?

జాతీయ జెండాను నలుగురిలో తగలబెడితే మూడేళ్ల దాకా జైలు. అదే జెండా చిరిగిపోతే, ఎవరూ చూడని చోట కాల్చేయడమే మేలని నియమావళే చెబుతోంది. నిప్పు ఒక్కటే... మరి తేడా ఎక్కడుంది?

ఆగస్టు 15ను తెలంగాణ పల్లెల్లో చాలామంది 'జెండా పండుగ' అనే అంటారు. వికారాబాద్ జిల్లా బంట్వారంలోనైనా, అటు తాండూరులోనైనా ఆ పొద్దున పిల్లల చొక్కాల మీద, బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద మూడు రంగులే. అలాంటి జెండాను ఎవరైనా కోపంతో నడివీధిలో తగలబెడితే... దేశాన్ని అవమానించినట్టా, ప్రభుత్వం మీద నిరసన తెలిపినట్టా?

నిరసనల్లో నిప్పు మనకు కొత్త కాదు. నాయకుల దిష్టిబొమ్మలు, జీవో ప్రతులు చౌరస్తాల్లో కాలుతూనే ఉంటాయి. కానీ దిష్టిబొమ్మ ఒక నాయకుడిది, జీవో ఒక ప్రభుత్వానిది. జెండా అలా కాదు. అది తగలబెట్టేవాడిది కూడా!

ఎగరేయడమే నేరమైన రోజులు

ఆ జెండాకు తెలుగువారితో ఉన్న బంధం చిన్నదేమీ కాదు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో గాంధీజీ చేతికి జెండా నమూనా అందించింది భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య. 1930లో బందరు కోనేరు సెంటర్లో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్య నాయుడిని పోలీసులు స్పృహ తప్పేలా కొట్టారు.

బంట్వారం అప్పట్లో నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. 1947 ఆగస్టు 15న దేశమంతా సంబరాలు చేసుకుంటుంటే, హైదరాబాద్‌లో మువ్వన్నెల జెండా ఎగరేసిన స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులోనే. అంటే ఈ నేల మీద ఒకప్పుడు జెండా ఎగరేయడమే నిరసన!

అందుకే వాదన రెండువైపులా బలంగా ఉంటుంది. 'దెబ్బలు తిని నిలబెట్టుకున్న జెండాను కాల్చడమా?' అంటారు ఒకరు. 'వాళ్లు దెబ్బలు తిన్నది గుడ్డ కోసం కాదు, స్వేచ్ఛ కోసం' అంటారు మరొకరు.

చట్టం గీసిన గీత

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ ప్రశ్న ఎదురైంది. హిందీని రుద్దుతున్నారంటూ 1955లో తమిళనాట పెరియార్ జెండాలు తగలబెట్టే ఆందోళనకు పిలుపునిచ్చారు. ముఖ్యమంత్రి కామరాజ్ హామీ ఇచ్చాక దాన్ని వాయిదా వేశారు. 1957లో ఆయన అనుచరులు రాజ్యాంగ ప్రతులను కాల్చే ఉద్యమం చేపట్టినప్పుడు మద్రాసు రాష్ట్రం ప్రత్యేక చట్టమే తెచ్చింది.

దేశమంతటికీ వర్తించే చట్టం 1971లో వచ్చింది. బహిరంగ ప్రదేశంలోగానీ, పదిమందికీ కనబడే చోటగానీ జాతీయ జెండాను కాల్చినా, చించినా, తొక్కినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అదే నేరం రుజువైతే ఏడాదికి తక్కువ కాకుండా శిక్ష.

అయితే అదే చట్టంలో చాలామందికి తెలియని వివరణ ఒకటుంది. రాజ్యాంగాన్ని సవరించాలనో, జెండాను మార్చాలనో చట్టబద్ధమైన మార్గంలో కోరుతూ చేసే విమర్శ నేరం కాదు. ప్రభుత్వాన్ని తిట్టిపోయొచ్చు, జెండా నచ్చలేదనీ అనొచ్చు. నిప్పు మాత్రం పెట్టకూడదు.

పౌరుడు జెండా ఎగరేసుకోవడం రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన హక్కేనని నవీన్ జిందాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. కాకపోతే అది హద్దుల్లేని హక్కు కాదు, గౌరవం తప్పకూడదని కూడా చెప్పింది.

అమెరికాలో వేరే దారి

పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. 1984లో డల్లాస్‌లో ఒక నిరసనకారుడు అమెరికా జెండాను కాల్చాడు. కింది కోర్టు ఏడాది జైలు, 2,000 డాలర్ల జరిమానా వేసింది. 1989లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ శిక్ష చెల్లదంది. జెండాను కాల్చినవారిని శిక్షిస్తే, జెండా చాటే స్వేచ్ఛే పలచబడుతుందన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ తీర్పును తిరగదోడకపోయినా, 2025 ఆగస్టు 25న అధ్యక్షుడు ట్రంప్ కొత్త ఉత్తర్వు మీద సంతకం చేశారు. జెండా కాల్చినప్పుడు వేరే చట్టాలేవైనా ఉల్లంఘించి ఉంటే గట్టిగా విచారించాలన్నది అందులోని ఆదేశం. విదేశీయులైతే, చట్టం అనుమతించిన మేరకు, వీసా రద్దు దాకా వెళ్లొచ్చు.

మౌనం అవమానం కాదు

గౌరవాన్ని భయపెట్టి రాబట్టగలమా? ఈ ప్రశ్నకు దారి చూపిన వారిలో ఒక తెలుగు న్యాయమూర్తి ఉన్నారు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. గీతం వినబడుతున్నంతసేపూ వాళ్లు లేచి నిలబడే ఉండేవారు. 1986లో సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున తీర్పు రాసిన జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి, గౌరవంగా నిలబడిన పిల్లల మౌనం అవమానం కాదన్నారు. వాళ్లను మళ్లీ బడిలో చేర్చుకోమన్నారు.

జెండా విషయంలోనూ చట్టం చాలాచోట్ల మనసునే చూస్తుంది. జెండాను 'కావాలని' నేలకు తగిలిస్తే నేరం. పరుగెత్తే పిల్లాడి చేతిలోంచి జారిపడితే కాదు. మనకు నచ్చని మాట అన్నవాడూ, మౌనంగా నిలబడినవాడూ దేశద్రోహులు కారు. అలాగే కోపం చెప్పుకోవడానికి సభ, ఊరేగింపు, కోర్టు, ఓటు ఉన్న దేశంలో జెండాకు నిప్పుపెట్టడం తప్ప దారి లేదనడమూ కుదరదు.

జెండా పాతబడితే...

* చిరిగిన, మాసిన జెండా ఎగరేయకూడదు. చెత్తబుట్టలో వేయకూడదు.

* పనికిరాని జెండాను ముక్కలు చేయకుండా, పూర్తిగా, ఏకాంతంలో, మర్యాదగా కాల్చేయడం మేలంటుంది 2002 నాటి జెండా నియమావళి.

* పండుగ అయ్యాక కాగితం జెండాలను నేల మీద పారేయకూడదు. వాటినీ అంతే మర్యాదగా తీసేయాలి.

* ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జెండాలపై 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది.